పెనానికి ఎడమ పక్క

మొన్న ఆదివారం మా మనవరాలి పుట్టినరోజు మెల్‌బోర్న్ శివారు క్లైడ్ నార్త్ పార్కులో చేశారు. ఆ కొత్త పేటల్లో ఇళ్ళు మేడలే గాని పెరళ్ళు మాత్రం చాప పరిస్తే నిండిపోయేంత. నలుగురిని పిలవాలంటే పార్కే గతి. అక్కడ బటన్ నొక్కితే వేడెక్కే స్టీలు పెనాలున్నాయి. ఎవరైనా వండుకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు.

నేను టోపీ పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాను. మా అమ్మాయి స్నేహితురాలొకామె, నల్గొండ నుంచి ఈమధ్యే వచ్చింది, పనీర్ ముక్కల డబ్బా పక్కన పెట్టి పెనం మీద అల్యూమినియం ఫాయిల్ పరవడం మొదలుపెట్టింది. ఒక పొర వేసి, నొక్కి చూసి, దాని మీద ఇంకో పొర వేసింది.

"ఏమనుకోకండి ఆంటీ. ఇందాక ఆ ఫ్యామిలీ దీని మీద బీఫ్ చేసిన్రు. ఎంత క్లీన్ చేసినా నాకైతే డైరెక్ట్‌గా పెట్టబుద్ధి కాదు" అంది.

"అనుకోవడానికేముందమ్మా, కానీయ్" అన్నాను. అంటూనే నవ్వు ఆగింది కాదు.

"అమ్మమ్మా, వై ఆర్ యూ లాఫింగ్?" అని మనవరాలు వచ్చి మీద పడింది. దానికి తెలుగంతా అర్థమవుతుంది, నోట్లోంచి మాత్రం ఒక్క ముక్క ఊడిపడదు.

"మా అమ్మ గుర్తొచ్చిందే. ఫాయిల్ లేని రోజుల్లో మా అమ్మ ఏం చేసిందో తెలుసా?" అన్నాను. అంతలో కేకు వచ్చిందని ఎవరో కేకేశారు. అది తుర్రుమంది. చెప్పడానికి నోరు తెరిచినదాన్ని ఊరుకోలేను కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

మా నాన్న డాక్టరు. డాక్టరు లేని ఊరికి వెళ్తానంటే ఈ దేశం తలుపు తీసే కాలం అది. అలా గుంటూరు నుంచి వచ్చి, మెల్‌బోర్న్‌లో సామాను కూడా విప్పకుండా, మరో అరపూట ప్రయాణం చేసి గోధుమ చేల మధ్య ఒక ఊళ్ళో దిగాం. ఊరంటే ఒక్కటే వీధి. ఆ చివర ఎత్తైన గోధుమ గాదెలు, ఈ చివర మా ఇల్లు. మధ్యలో ఒక కొట్టు, ఒక బడి, ఒక హాలు, ఒక ఈత కొలను, ఒక పార్కు. అంతే. నాకు ఊహ బాగా తెలిసిన చోటు అదే.

ఆ ఊళ్ళో ఎవరి ఇల్లూ గొప్పది కాదు. రేకుల కప్పు, చెక్క గోడలు. కానీ అందరికీ కలిపి ఉన్నవి మాత్రం దర్జాగా ఉండేవి. హాలు తాళంచెవి కొట్టు తలుపు వెనక మేకుకి వేలాడేది. పెళ్ళికైనా పాటకైనా, ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకెళ్ళేవాళ్ళు. పని కాగానే హాలు ఊడ్చి, టీ కెటిల్ నిండా నీళ్ళు పోసి, తాళంచెవి మళ్ళీ మేకుకి తగిలించేవాళ్ళు. ఇలా చెయ్యాలని ఏ గోడ మీదా రాసి లేదు. ఊరూరా తిరిగి పుస్తకాలు అరువిచ్చే వ్యాను హాలు ముందే ఆగేది. దాని మెట్టెక్కగానే పాత కాగితం వాసన, డ్రైవరు తాగే టీ వాసన కలిసి వచ్చేవి. ఆయన నాకోసం బొమ్మల పుస్తకమొకటి సీటు కింద దాచి ఉంచేవాడు. నాకు లోకంలో అంత ఆప్తుడు లేడనుకునేదాన్ని.

ఎండలు ముదిరితే బడి వదలగానే కొలను దగ్గరికే పరుగు. మునిగి తేలి, ఒంటి మీద తడితో కాలే సిమెంటు గచ్చు మీద బోర్లా పడుకుంటే లోపల ఇంకా చలి, వీపున ఎండ. పక్కవాళ్ళ పొట్లంలోంచి వెనిగర్ చల్లిన వేడి చిప్స్ వాసన. హాల్లో ఏ వేడుక జరిగినా నేనూ నా నేస్తమూ పలహారాల బల్ల కింద దూరేవాళ్ళం. బల్ల మీది గుడ్డ కిందనుంచి చెయ్యి పెట్టి, కొబ్బరి కోరులో దొర్లించిన కేకు ముక్కలు లాగేసేవాళ్ళం. ఇంటికెళ్ళాక అమ్మ మూతి వాసన చూసి, "కొబ్బరి తిన్నావేంటే? పోన్లే, కొబ్బరేగా, మంచిదే" అని మురిసిపోయేది. అందులో గుడ్లు పడతాయని ఆవిడకి చాలా ఏళ్ళదాకా తెలీదు. నేను చెప్పలేదు.

ఇక పార్కు. నీలగిరి చెట్ల కింద ఇటుకలతో కట్టిన పొయ్యి, దాని మీద మంచమంత ఇనప పెనం. ఊళ్ళోవాళ్ళు దాన్ని బార్బీ అనేవాళ్ళు. ఎవరు వండుకున్నా పోతూ పోతూ పెనం గీకి, తుప్పు పట్టకుండా కాస్త కొవ్వు రాసి, తరవాత వచ్చేవాళ్ళకోసం సన్నపుల్లలు పేర్చి పోయేవారు. జామ్ డబ్బాలో అగ్గిపెట్టె ఎప్పుడూ ఉండేది.

ఆ అగ్గిపెట్టె మీద మా అమ్మకి నమ్మకం కుదరలేదు. "ఎవరూ ఎత్తుకుపోరంటావా?" అనేది. సాయంత్రం నడకకి వెళ్ళినప్పుడల్లా చుట్టూ చూసి, డబ్బా మూత తీసి, అగ్గిపెట్టె ఉందో లేదో చూసి, మళ్ళీ మూత పెట్టేది. అది పోతే ఆవిడ సొత్తు పోయినట్టే ఉండేది వ్యవహారం. నాన్న నవ్వేవాడు. "మన మునిసిపాలిటీ వాళ్ళని తీసుకొచ్చి ఇక్కడ నిలబెట్టాలోయ్" అనేవాడు.

కానీ అమ్మకి ఆ ఊళ్ళో పొద్దుపోయేది కాదు. శాకాహారం, పైగా ఇంగ్లీషు రాదు. ఎవరైనా పిలిస్తే తలనొప్పి అనేది. అంత తలనొప్పి ఏ మనిషికీ రాదు. పార్కులో మాంసం కాలుతుంటే పమిట ముక్కుకి అడ్డం పెట్టుకుని అడుగులు పెద్దవి చేసేది. రాత్రి అన్నాల దగ్గర ఒకటే మాట.

"ఈ ఎండాకాలం అయిపోగానే మెల్‌బోర్న్ పోదామండీ. అక్కడ మనవాళ్ళు పది ఇళ్ళైనా ఉన్నారంట. ఇక్కడ గోడలతో మాట్లాడుకోలేక చస్తన్నాను."

"అట్లాగేలే. చూద్దాం" అనేవాడు నాన్న. ఆ 'చూద్దాం' వింటే నాకు అన్నం దిగేది కాదు. మెల్‌బోర్న్‌లో నా కొలను ఉండదు, నా వ్యాను ఉండదు, నా నేస్తం ఉండదు. ఎండాకాలం అయిపోకూడదని రోజూ దేవుడి పటం ముందు దణ్ణం పెట్టుకునేదాన్ని.

గోధుమ కోతలు అయ్యాక ఊరంతా పార్కులో కలిసి వండుకుని తినే ఆచారం ఉండేది. ఏటా మేము ఎగ్గొట్టేవాళ్ళం. ఆ ఏడు పార్కు పక్కింటావిడ మా గుమ్మం ఎక్కింది. మేం ఇంట్లో ఆవిడని పార్కు బామ్మగారు అనేవాళ్ళం. ముసలావిడ, సన్నగా పొడుగ్గా గడకర్రలా ఉండేది. ఆ పొయ్యి కట్టింది పోయిన ఆవిడ భర్తేనని ఊళ్ళో అందరూ చెప్పేవారు. పెరట్లో కాసిన ఆప్రికాట్ పళ్ళ గిన్నె అమ్మ చేతిలో పెట్టి, నా వైపు తిరిగి ఇంగ్లీషులో అంది.

"మీ అమ్మకి చెప్పు. ఈసారి మీరు రావాలి. మీరు ఏం తింటే అదే వండుకోండి. ఆ పెనం అందరిదీను."

నేను చెప్పాను. అమ్మ పళ్ళ గిన్నె పట్టుకుని చాలాసేపు గుమ్మంలోనే నిలబడింది. రాత్రి నాన్నతో అంది: "అంత పెద్దావిడ ఇంటికొచ్చి పిలిస్తే పోకుండా ఎట్లా? అట్లు పోస్తాను. కానీ ఆ పెనం ముందు నేను తోముకోవాలి. ఆ మడ్డి మీద నేను అట్టు పొయ్యలేను."

"తోముకో. నిన్నెవరు వద్దంటారు?" అన్నాడు నాన్న, పేపర్లోంచి తలెత్తకుండా. ఆ తల ఎత్తి ఉంటే నాకు ఈ కథ ఉండేది కాదు.

విందుకి ముందురోజు తెల్లవారుతూనే అమ్మా నేనూ పార్కుకి వెళ్ళాం. నాన్న మెల్‌బోర్న్ నుంచి ఎప్పుడో తెచ్చిన చింతపండు ఉండేది మా ఇంట్లో. చారులోకి కూడా గోటితో గిల్లి వేసేంత పొదుపుగా వాడేది అమ్మ. ఆ ఉండ మొత్తం తెచ్చేసింది. చింతపండు, ఉప్పు, ఇటుక పొడి కలిపి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, పెనం మీదకి వంగి తోమింది. నేను కుళాయి నీళ్ళు మోసి పోస్తూ, మధ్యమధ్య ఆప్రికాట్లు తింటూ గింజలు చెట్టుకి గురిపెట్టి కొడుతున్నాను. నల్లటి పొర కరిగి కాలవై పారింది. ఎండ పైకి వచ్చేసరికి పెనం పెళ్ళివారి గంగాళంలా తళతళలాడుతోంది. అమ్మ వెనక్కి నాలుగడుగులు వేసి చూసుకుంది. ఇంటికి వచ్చేదారిలో ఏదో కూనిరాగం తీసింది. ఆ ఊరు వచ్చాక అమ్మ గొంతులో పాట వినడం అదే మొదలు.

మర్నాడు ఊరంతా దిగింది. పిల్లల కేకలు, దుమ్ము, నిమ్మరసం జాడీలు. అమ్మ మినపట్ల పిండి బకెట్టు ఒళ్ళో పెట్టుకుని చెట్టు కింద కూర్చుంది. పక్కన సంచిలో నూనె సీసా, ఉల్లిపాయలు, కారప్పొడి. ముందు మగవాళ్ళు మటన్ చాప్స్ పెనం మీద పరిచారు. తిప్పబోతే ఒక్కటి కదిలితే ఒట్టు. కింద మాడిపోయి అతుక్కుంది, పైన పచ్చిగా ఉంది. గరిట పెట్టి లాగితే తునకలయ్యాయి. నల్లటి పొగ లేచింది. అందరూ మూగారు.

"ఎవడో పెనం మీది నలుపంతా తోమేశాడు" అన్నారొకరు. "ఇంకెవరు, ఆ సైకిళ్ళ కుర్రాళ్ళే" అన్నారు మరొకరు. గోధుమ గాదెల దగ్గర సైకిళ్ళ మీద తిరుగుతూ ఏదో ఒక అల్లరి చేసే అన్నదమ్ములు ఉండేవాళ్ళు. అంతకు ముందు వారమే బడి గంట విప్పి నీళ్ళ తొట్టిలో పడేశారు కూడా. మేం కాదు మొర్రో అని వాళ్ళన్నా ఎవరూ వినలేదు. కొలను బాధ్యత చూసే ఆయన, "ఈ ఎండాకాలం అయ్యేదాకా మీరిద్దరూ కొలను గేటు దాటి రాకూడదు" అనేశాడు. చిన్నవాడికి మొహం ఎర్రబడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఏమంటన్నారే?" అని అమ్మ నన్ను పట్టుకుంది. నేను చెయ్యి విడిపించుకోబోయాను. "చెప్పు" అంది. చెప్పాను. పెనం వాళ్ళు పాడు చేశారంటున్నారని, వాళ్ళని కొలనులోకి రానివ్వరట అని చెప్పాను.

అమ్మ బకెట్టు కింద పెట్టింది. లేచింది. ఆ జనం మధ్యలోంచి, కొట్లో కూరలు కూడా వేలితో చూపించి కొనుక్కునే మా అమ్మ, నడిచి వెళ్ళి ఆ కుర్రాళ్ళ ముందు నిలబడింది.

"నో బాయ్స్" అంది. "మీ. ఐ క్లీన్."

నాన్న ఎక్కడినుంచో పరుగున వచ్చి, సారీ సారీ అంటూ ఏదో సర్దబోయాడు. "మీరుండండి" అంది అమ్మ. పార్కు బామ్మగారు ముందుకొచ్చి పెనం అంచు మీద వేళ్ళు పెట్టింది. వేడిగా ఉన్నా తియ్యలేదు.

"మా ఆయన దీన్ని గొర్రెల షెడ్డులోంచి మోసుకొచ్చి పెట్టాడు. ఈ నలుపు ఆయన చేతి నలుపు" అంది మెల్లిగా. కోపం లేదు ఆ మాటలో. కోపమే ఉంటే నయం అనిపించింది నాకు.

ఆ మాట నేను తెలుగులో చెబుతుంటే అమ్మ మొహం పాలిపోయింది. "అయ్యో, నా బుద్ధి మండ! చెప్పవే ఆవిడకి. మా అమ్మ పెనం ఎవరైనా సబ్బుతో ముట్టుకుంటే చెయ్యి విరగ్గొట్టేది. మా ఇంట్లోనూ పెనం నల్లగానే ఉంటది, అట్లు ఊడేది ఆ నలుపు మీదేనని నాకు తెలుసు. దీని మీద మాంసం వండుతారని, అదంతా మాంసం మడ్డే అనుకున్నాను. ఇనుము ఎక్కడైనా ఇనుమేనని నాకు తట్టలేదు. మళ్ళీ నల్లగా నేనే చేసి ఇస్తానని చెప్పు."

నాకు తెలిసిన ఇంగ్లీషంతా పెట్టి చెప్పాను. బామ్మగారు నా మాట పూర్తయ్యేదాకా అమ్మ మొహమే చూస్తూ ఉంది.

అమ్మ పని మొదలుపెట్టింది. మాడిన ముక్కలు గీకించింది. సైకిళ్ళ కుర్రాళ్ళ చేత సన్నపుల్లలు తెప్పించి, మంట తగ్గించి సెగ నిలబెట్టింది. ఉల్లిపాయ సగానికి కోసి పుల్లకి గుచ్చి, నూనెలో ముంచి పెనమంతా రుద్దింది. పొగ వచ్చేదాకా ఆగి మళ్ళీ రుద్దింది. ఉల్లిపాయ, నూనె, కాలే ఇనుము కలిసిన ఆ వాసన పార్కంతా కమ్ముకుంది. ఈనాటికీ నాకు ఆకలి అంటే ఆ వాసనే. కాసేపటికి బామ్మగారు మిగిలిన సగం ఉల్లిపాయ తీసుకుని, ఫోర్కుకి గుచ్చి, కుడి పక్కనుంచి రుద్దడం మొదలుపెట్టింది. ఎడమ పక్క చీర, కుడి పక్క గౌను. ఇద్దరికీ చెమటలు. ఒకరి భాష ఒకరికి రాదు. ఊరు ఊరంతా పచ్చి మాంసం పళ్ళాలు పట్టుకుని నిలబడింది తప్ప ఒక్కరూ విసుక్కోలేదు. ఆ ఓపిక తలుచుకుంటే ఇప్పటికీ వాళ్ళకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

పెనం ముందు బంగారు రంగు తిరిగింది, తరవాత గోధుమ రంగు, తరవాత నలుపు అందుకుంది. మొదటి అట్టు అతుక్కుపోయింది. దాన్ని పిట్టలకి వేశాం. రెండోది చిరిగింది. మూడోది అంచు దానంతటదే లేచింది. అమ్మ అట్లకాడ తోసి తిప్పేసరికి సైకిళ్ళ కుర్రాళ్ళు ఈలలు వేశారు. అది బామ్మగారి పళ్ళెంలో వేసింది. ఆవిడ కారప్పొడి పెద్ద చెంచాడు వేసుకుని, తిని, దగ్గి, కళ్ళు తుడుచుకుని, "ఇంకో పాన్‌కేక్ వెయ్యి" అంది. ఆపైన అమ్మకి ఊపిరి సలపలేదు. కొందరు జామ్ రాసుకున్నారు. కొలను పెద్దమనిషి టమాటా సాస్ పోసుకున్నాడు. అమ్మ అది చూసి కూడా ఆయనకి ఇంకో అట్టు వేసింది.

అట్లు అయ్యాక బామ్మగారు పట్టకారు తీసుకుని చాప్స్ పెట్టింది. కుడి అంచు నుంచి మొదలుపెట్టి మధ్యదాకా వచ్చి ఆగింది. అమ్మ అట్లు పోసిన ఎడమ పక్క ఖాళీగా వదిలేసింది. వెనక ఇంకో వరస చాప్స్ మిగిలి ఉన్నాయి. అవి రెండో విడతలో కాల్చుకున్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు. గీత గియ్యలేదు, బోర్డు పెట్టలేదు. ఆ పూట నుంచి ఆ పక్కన మాంసం పడలేదు.

ఎండాకాలం అయిపోయింది. ఒక రాత్రి నాన్న అన్నాడు: "మెల్‌బోర్న్‌లో ఒక ఖాళీ ఉందట. రాయమంటావా?"

అమ్మ మజ్జిగ పోస్తూ అంది: "ఇప్పుడేం తొందరండీ. వచ్చే కోతలకి మళ్ళీ అట్లు పోస్తానని పార్కు బామ్మగారికి చెప్పాను. మాట తప్పితే బాగుంటదా?"

నేను కంచం దగ్గరనుంచి లేచి ఎంగిలిచేత్తోనే ఇంటి చుట్టూ పరుగెత్తాను. ఆ తరవాత నా చదువు అయ్యేదాకా మేము అక్కడే ఉన్నాం. అమ్మకి తలనొప్పులు కూడా తగ్గాయి.

చివరికి ఆ ఊరు వదిలి మెల్‌బోర్న్ పక్కనున్న వెర్రిబీకి వచ్చాం. నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉంది. పెద్దదయ్యాక, మోకాళ్ళు పట్టేశాక, ఒకసారి ఆ ఊరు చూపించమని పేచీ పెట్టింది. తీసుకెళ్ళాను. హాలు ఎవరో కొనుక్కుని కాపురం ఉంటున్నారు. కొలను మట్టితో పూడ్చేశారు. కొట్టుకి చెక్కలు కొట్టారు. వ్యాను రావడం మానేసి చాలా కాలమైందట. బామ్మగారు ఎప్పుడో పోయింది. పార్కు మాత్రం ఉంది. పొయ్యి ఉంది.

అమ్మని కారులోనే ఉంచి నేను దిగాను. ఎవరో ఒకావిడ, నా కూతురి వయసుంటుంది, పిల్లలకి సాసేజ్‌లు కాలుస్తోంది. అన్నీ కుడి పక్కనే, ఒకదాని మీద ఒకటి పడేలా ఇరికించింది. ఎడమ పక్కంతా నల్లగా, నున్నగా, ఖాళీగా ఉంది.

"ఈ పక్క చోటుందిగా, ఇక్కడ పెట్టుకోలేకపోయావా?" అని ఇంగ్లీషులో అడిగాను.

"అది పాన్‌కేక్‌ల పక్కండీ. అక్కడ మాంసం పెట్టం" అంది.

"ఎందుకని?"

ఆవిడ భుజాలెగరేసింది. "తెలీదు. మా అమ్మ పెట్టేది కాదు. ఇక్కడ ఎవరూ పెట్టరు."

వచ్చి కారులో కూర్చున్నాను. ఊరు దాటి గోధుమ చేల మధ్యకి వచ్చాక అమ్మకి మొత్తం చెప్పాను. అమ్మ కిటికీలోంచి చూస్తూ వింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"వచ్చేముందు ఆ పక్కన కాస్త నూనె రాసొచ్చావా?" అంది.

"లేదమ్మా."

"మరి తరవాత వచ్చేవాళ్ళకి ఎట్లాగే?" అని ఒళ్ళోని సంచి వెతికి, తలకి రాసుకునే కొబ్బరినూనె సీసా తీసి చేత్తో పట్టుకుని కూర్చుంది.

నేను కారు వెనక్కి తిప్పాను.